పెద్దవాడు ఓడిపోయే పుస్తకం

తమ్ముణ్ణి దుబాయికి తీసుకుపోయే అన్నలకు ఒక మాట చెప్పాలని చాలా రోజులుగా అనుకుంటున్నాను. వీసా తీసి, విమానం ఎక్కించి, ముహర్రక్ ఎయిర్‌పోర్టు బయట వాడి పెట్టె అందుకున్న రోజున వాడి కంటికి మీరు దేవుడిలా కనిపిస్తారు. ఆ రోజే ఒక ఫొటో తీయించుకోండి. తర్వాత వాడు మీకంటే బాగుపడటం మొదలుపెడితే, అప్పుడప్పుడు చూసుకోవడానికి పనికొస్తుంది.

మా జగిత్యాల వైపు గల్ఫ్ అంతా దుబాయే. ఆ ముహర్రక్ ఉన్నది, నేను పనిచేసింది మాత్రం బహ్రెయిన్‌లో. కువైట్ యుద్ధం ముగిసిన కొన్నేళ్ళకు జరిగిన సంగతి ఇది. మా కఫీల్‌ను, అంటే మాకు వీసా ఇచ్చిన యజమానిని, మేమంతా సేటు అనేవాళ్ళం. ఆయనకు మనామా బజారులో బట్టల తానుల హోల్‌సేల్ దుకాణం, సల్మాబాద్‌లో గోడౌను ఉండేవి. డెబ్బై దాటిన మనిషి, భార్య పోయింది, ఒంటరిగా ఉండేవాడు. ఆయన యూదుడు. తాతల కాలంలో బాగ్దాద్ నుంచి వచ్చి ఆ ద్వీపంలో స్థిరపడ్డ కుటుంబం. ఇంట్లో అరబ్బీ, మాతో బొంబాయి హిందీ. మిగతా సేట్లకూ ఆయనకూ తేడా ఏమిటో నాకు తెలిసేది కాదు, శనివారం దుకాణం తెరవడన్న ఒక్క సంగతి తప్ప.

నేను ఆయన కారు డ్రైవర్ని. వాళ్ళ మతంలో శనివారం పని చేయకూడదు, ఆ రోజు ఆయన కారు ఎక్కడు. పొయ్యి వెలిగించడు, స్విచ్చి ముట్టడు, కలం పట్టడు. అయినా నేను డ్యూటీకి రావాలి, పెద్ద మనిషి కాబట్టి ఏ అవసరం వస్తుందో అని. పొద్దున్నే వచ్చి సలాం చెప్పేవాణ్ణి. ఎండాకాలంలో ఆయన నుదురు తుడుచుకుంటూ, "ఆజ్ బహుత్ గరం హై" అనేవాడు. "హా సేటు, బహుత్ గరం" అని నేనూ ఒప్పుకునేవాణ్ణి. ఒప్పుకుని, కిందికి పోయి, కారులో ఏసీ వేసుకుని కూర్చునేవాణ్ణి. అలా కొన్నేళ్ళు ప్రతి ఎండాకాలమూ వేడి గురించి మా ఇద్దరికీ పూర్తి ఏకాభిప్రాయం ఉండేది.

ఒక ఏడాది ఎండాకాలంలో రెండు నెలలు సెలవు మీద ఇంటికి వచ్చాను. నా బదులు కారు నడపడానికి గోడౌనులో వ్యాను నడిపే మా తమ్ముణ్ణి పెట్టి వచ్చాను. వాణ్ణి పిలిపించింది నేనే, సేటు కాళ్ళావేళ్ళా పడి వీసా ఇప్పించింది నేనే, లైసెన్సు తీసుకోమని తిట్టి మరీ నేర్పించింది కూడా నేనే. ఈ మూడూ గుర్తుపెట్టుకోండి, ఎందుకంటే నేను ఆ రోజుల్లో వీటిని గంటకొకసారి గుర్తు చేసుకునేవాణ్ణి.

తిరిగి వచ్చిన మొదటి శనివారం సేటు ఇంటి తలుపు తీసేసరికి చల్లటి గాలి మొహానికి తగిలింది. ఏసీ నడుస్తోంది. సేటు కుర్చీలో కూర్చుని పెద్ద పుస్తకం చదువుతున్నాడు. ఎదురుగా తివాచీ మీద, గోడకు వీపు ఆనించుకుని, చేతిలో ఖర్జూరం పట్టుకుని మా తమ్ముడు. నేను ఎన్నడూ కూర్చోని గదిలో వాడు కాళ్ళు చాపుకుని కూర్చున్నాడు. సేటు నన్ను చూసి, "డ్రైవర్, ఆగయా?" అన్నాడు. వాడి వైపు తిరిగి, "యా వలదీ, అన్నకు చోటివ్వు" అన్నాడు. వలదీ అంటే నా కొడుకా అని అర్థం. నేను అన్నేళ్ళుగా డ్రైవర్, వాడు రెండు నెలల్లో కొడుకు.

బయటికి రాగానే వాణ్ణి పట్టుకున్నాను.

"లోపటికి ఎట్ల పోయినవ్ రా?"

"సేటు గరం అన్నడన్నా. నేను పోయి ఏసీ ఏసిన."

"ఏయుమని అడిగిండా నిన్ను?"

"అడగడే. శనివారంనాడు పని చెప్పొద్దట వాళ్ళకు. గరం ఉన్నదని అంటరు. మనమే సమజ్ చేసుకోవాలె." వాడు నా మొహం చూసి ఆగాడు. "నీకు తెల్వదా అన్నా?"

తెలుసు అన్నాను. మీరైతే ఏమనేవాళ్ళో చెప్పండి.

మరుసటి శనివారం నుంచి నేనూ లోపలే కూర్చున్నాను. భక్తితో కాదు, వాణ్ణి ఒక్కణ్ణే వదిలితే ఇంకా ఎంత దూరం పోతాడో అన్న భయంతో. సేటు చదివేది తోరా. వాళ్ళ మూసా ప్రవక్త ఇచ్చిన అయిదు గ్రంథాలట. వాటిని ఏడాదికి సరిపడా వారం వారం భాగాలుగా విడదీసుకుంటారు. లోకంలో ఏ మూల ఉన్న యూదుడైనా ఆ వారం ఆ భాగమే చదవాలి. సేటు ప్రతి భాగాన్నీ వాళ్ళ హీబ్రూ భాషలో రెండుసార్లు, అరబ్బీలో ఒకసారి చదివేవాడు. అది వాళ్ళ పద్ధతట. ఆ తర్వాత మా కోసం తన బొంబాయి హిందీలో కథ చెప్పేవాడు. ఏడాది చివర పుస్తకం అయిపోయిన రోజే మళ్ళీ మొదటి పేజీ తీస్తారు. ఆయనకు తారీఖుల కంటే ఆ వారాల పేర్లే బాగా గుర్తుండేవి.

మేమిద్దరం కూర్చోవడం మొదలుపెట్టిన కొద్ది వారాలకే పుస్తకం కొత్తగా మొదలైంది. లోకం పుట్టింది. బాగానే ఉంది. మొదటి ఇద్దరు అన్నదమ్ములు పుట్టారు. దేవుడు చిన్నవాడి నైవేద్యం తీసుకున్నాడు, పెద్దవాడిది వదిలేశాడు. నేను కొంచెం కదిలి కూర్చున్నాను. ఇంకో మూడు వారాలకు ఇబ్రహీంకు ఇద్దరు కొడుకులు. పెద్దవాణ్ణి తల్లితో సహా ఎడారిలోకి పంపారు, ఇల్లు చిన్నవాడిదయింది. ఆ చిన్నవాడికి కవలలు. ఒళ్ళంతా రోమాలున్న పెద్దవాడు వేటకు పోయి వచ్చేలోగా చిన్నవాడు మేకతోలు చేతులకు చుట్టుకుని, గుడ్డి తండ్రి దగ్గర దీవెన కొట్టేశాడు. పెద్దవాడు వచ్చి, నాన్నా, నా కోసం ఒక్క దీవెన కూడా మిగల్చలేదా అని ఏడ్చాడని సేటు చెబుతుంటే నేను తల తిప్పి చూశాను. పక్కన మా తమ్ముడు ఖర్జూరం గింజ తీస్తున్నాడు.

"సేటు, ఈ పుస్తకం రాయించినోడు ఇంట్లో చిన్నోడా?" అని అడిగేశాను.

సేటు పుస్తకం మూసి, కళ్ళజోడు తీసి నవ్వాడు. అన్నేళ్ళలో నా మాటకు ఆయన నవ్వడం అదే మొదలు. "ఇన్ని సార్లు చదివాను, ఈ అనుమానం నాకు రాలేదు" అన్నాడు. ఆ రోజంతా నేను కాస్త గర్వంగా తిరిగాను. వారం తిరిగేసరికి మళ్ళీ వాడిదే పైచేయి.

దుకాణంలో కౌంటర్ చూసే హైదరాబాదీ భాయ్ ఒకాయన ఉండేవాడు. ముసల్మాను, నాకంటే పెద్దవాడు, తానులో ఎన్ని గజాలో కొలవకముందే కంటితో చెప్పగల మనిషి. ఆయనతో నా బాధ చెప్పుకున్నాను. "ఇంకా యూసుఫ్ కథ రాలేదు కదా మియా," అన్నాడాయన టీ ఊదుకుంటూ. "మా కితాబులోనూ ఉంది, అన్నలే తమ్ముణ్ణి బావిల నూకిండ్రు. అది విన్నంక నీ తమ్ముణ్ణి ఏ బావిలోనన్న నూకుతవేమో. ఈ ముల్క్‌ల బావులు కూడ లెవ్వు, బతికిపోయిండు, బచ్‌గయా బిచారా."

ఆ కవలల కథకు ముందటి శనివారం ఏదో ముసలావిడ చావు గురించిన భాగం వచ్చింది. ఇబ్రహీం భార్య. ఆయన ఆమెకోసం ఏడ్చి, పాతిపెట్టడానికి పరాయివాళ్ళ దగ్గర చోటు అడుక్కున్నాడు. సేటు అరబ్బీలో చదువుతూ చదువుతూ ఆగిపోయాడు. భుజాలు కదిలాయి. నేను నేల చూస్తూ కూర్చున్నాను. తమ్ముడు లేచి నీళ్ళు తెచ్చి చేతికిచ్చాడు. నీళ్ళు తాగి సేటే చెప్పాడు. "మా ఆవిడ పోయిన ఏడాది నేను ప్రతి రోజూ ఏడ్చాను. దుకాణంలో, బజారులో, ఎక్కడపడితే అక్కడ. రెండో ఏడాది ఈ వారం వచ్చింది. ఆయన ఏడ్చాడు, ఆ తర్వాత లేచాడు అని ఉంది ఇక్కడ. అప్పటినుంచి నేను ఈ వారం కోసం దాచుకుంటాను. ఏడాదికి ఒకసారి ఆయనతో కలిసి ఏడుస్తాను. మిగతా వారాలు తానులు అమ్ముకుంటాను." ఆ మాట నాకు చాలా కాలం లోపల తిరిగింది. కానీ నిజం చెప్పాలంటే, అప్పటికప్పుడు నేను ఆలోచించింది నీళ్ళ గురించే. నీళ్ళు తేవాలని వాడికెందుకు తడుతుంది, నాకెందుకు తట్టదు?

ఇక ఒక పదిమంది సంగతి. మాటల్లో సేటు ఒకసారి చెప్పాడు, మనామాలో వాళ్ళ ప్రార్థన మందిరం ఉంది కానీ తాళమే అని. తోలు చుట్ట మీద చేత్తో రాసిన తోరాను బయటికి తీసి, నిలబడి, పాడినట్టు చదవాలంటే పదిమంది మగవాళ్ళు ఉండాలట. ఒకప్పుడు ఉండేవాళ్ళు. కొందరు లండన్ పోయారు, కొందరు పోయారు. ఇప్పుడు పదిమంది జమ కావడం లేదు. అందుకే ఆయన ఇంట్లో అచ్చు పుస్తకం పట్టుకుని కూర్చుని చదువుకుంటాడు. నేను అయ్యో అన్నాను. తమ్ముడు వేళ్ళ మీద ఏదో లెక్కపెట్టుకున్నాడు.

మరుసటి శనివారం గోడౌను వ్యాను వచ్చి ఇంటి ముందు ఆగింది. సేటు గోడౌనుకు శనివారం సెలవు కదా. వ్యానులోంచి మా తమ్ముడు, వాడి వెనక తలస్నానాలు చేసి ఇస్త్రీ చొక్కాలు వేసుకున్న, గోడౌనులో పనిచేసే నిజామాబాదు, కరీంనగర్ మనుషులు దిగారు. ఇద్దరు విభూతి కూడా పెట్టుకున్నారు. చెప్పులు బయట విడిచి, వరసగా లోపలికి వచ్చి నిలబడ్డారు.

"సేటు, పదిమంది కావాలంటివి గద," అన్నాడు తమ్ముడు హిందీలో. "నన్నూ అన్ననూ కలుపుకుంటె పదిమందైనం. సదువుండ్రి."

సేటుకు ముందు అర్థం కాలేదు. అర్థమయ్యాక ఆయన మొహం చూడాల్సింది. నవ్వాడు, నవ్వుతూ నవ్వుతూ కళ్ళు ఒత్తుకున్నాడు. ఆ పదిమందీ యూదులై ఉండాలని మెల్లగా చెప్పాడు. మావాళ్ళు సిగ్గుపడి తలుపు వైపు తిరిగారు. ఆయన ఒప్పుకోలేదు. "మందిరం లెక్కకు రారు. నా ఇంటి లెక్కకు వస్తారు, కూర్చోండి" అని అందరినీ తివాచీ మీద కూర్చోబెట్టాడు. తను మాత్రం లేచి నిలబడ్డాడు. ఆ వారం భాగం యూసుఫ్‌ది. నేను అన్ని నెలలుగా విన్నది గొణుగుడు. ఆ రోజు ఆయన గొంతు పైకి లేచి, ఇల్లంతా నిండింది. మోకాళ్ళు పట్టేసే మనిషి చివరిదాకా నిలబడే చదివాడు. ఆ తర్వాత హిందీలో కథ చెప్పాడు. బావిలో పడేసి అమ్మేసిన అన్నల ముందు యూసుఫ్ రాజ్యానికి పెద్ద అధికారై నిలబడ్డాడనేసరికి, వెనక కూర్చున్న నిజామాబాదాయన ఆగలేకపోయాడు.

"గా అన్నలను ఏం జేసిండు సేటు? జైల్ల ఏసిండా?"

"ఏడ్చాడు. మెడ పట్టుకుని ఏడ్చాడు."

"అరె," అన్నాడాయన నిరాశగా.

అందరూ నవ్వారు. మా తమ్ముడు నా వైపు చూశాడు. నేను గోడ వైపు చూశాను. పదిమందిని తీసుకురావాలన్నది పిచ్చి ఆలోచనే. కానీ నాకు రాని పిచ్చి అది. వాడి దగ్గర మంచితనం ఎక్కువుందని కాదు నా ఏడుపు, అది వాడికి ఏ కష్టమూ లేకుండా వస్తుందని.

కొన్నాళ్ళకు భాయ్ నౌకరీ ఖలాస్ చేసుకుని హైదరాబాదు వెళ్ళిపోతున్నాడని తెలిసింది. కౌంటర్ ఖాళీ అవుతుంది. సల్మాబాద్‌లో పనివాళ్ళం ఉండే క్యాంపు వదిలి దుకాణం పైన గదిలో ఉండొచ్చు, ఏసీలో కూర్చుని పనిచేయొచ్చు, బజారులో పదిమంది పేరు పెట్టి పిలుస్తారు. డ్రైవర్‌గా నా నడుము అప్పటికే నొప్పెడుతోంది. అందరికంటే పాతవాణ్ణి నేనే. అడగాల్సిన పని కూడా లేదనుకున్నాను. ఒక పొద్దున సేటు దుకాణంలో ఇద్దరినీ పిలిచి, కౌంటర్ చిన్నవాడికిస్తున్నానని చెప్పాడు. "గిరాకీ నోరు తెరవకముందే ఏం కావాలో వీడికి తెలుస్తుంది" అన్నాడు.

తమ్ముడు నాకేసి చూశాడు. "అన్న సరేనంటెనే" అన్నాడు.

సేటు నన్నడిగాడు. "ఆప్ కీ మర్జీ సేటు" అని నేను కారు దగ్గరికి వెళ్ళిపోయాను. లోపల జరిగింది భాయ్ చెప్పాడు. అన్న ఒప్పుకున్నాడు కదా అని సేటు సంతోషిస్తే, తమ్ముడు తల అడ్డంగా ఊపాడట. "లేదు సేటు. మా తాన మీ ఇష్టం అంటె వద్దని" అన్నాడట. అది కూడా వాడే అర్థం చేసుకున్నాడు. దానికీ నాకు మండింది.

ఆ రోజు నుంచి మా మధ్య మాటల్లేవు. వాడు గోడౌనుకే పోయాడు, శనివారాలు రావడం మానేశాడు. నేను మాత్రం పోయి కూర్చునేవాణ్ణి. ఇప్పుడు గది నాది, తివాచీ నాది, ఖర్జూరాలు నావి. ఒక్కటీ గొంతు దిగేది కాదు. భాయ్ ఒకరోజు కారు కిటికీలోంచి వంగి చెప్పాడు. "సున్, నీ తమ్ముని వీసా ఖతం అయితుంది. మళ్ళ కొట్టించుకోడట. ఊరికి పోతడట. నేను కూసుంటె అన్న దిల్ టూట్ పోతది, కూసోకుంటె సేటు దిల్ టూట్ పోతది, నేనే పోతె అందరు మంచిగుంటరు అంటుండు. సేటు బయటోన్ని దేఖుతుండు కౌంటర్‌కు." అంటే నేను నోరు విప్పకపోతే కౌంటర్ మూడో మనిషికి పోతుంది, తమ్ముడు ఇంటికి పోతాడు. నేను గెలిచినట్టే. అయినా ఆ రాత్రి అన్నం సహించలేదు.

ఆ శనివారం సేటు రెండో గ్రంథం మొదలుపెట్టాడు. నేనొక్కణ్ణే శ్రోతను. మూసా గొర్రెలు కాసుకుంటుంటే ఒక పొద మండుతూ కనిపిస్తుంది, కాలిపోదు. అందులోంచి దేవుడు పిలిచి, పోయి రాజు దగ్గర బానిసలుగా ఉన్న నీ జనాన్ని విడిపించు అంటాడు. మూసా వద్దంటాడు. నాకు మాటలు రావంటాడు, నన్నెవరు నమ్ముతారంటాడు, చివరికి ఇంకెవరినన్నా పంపమంటాడు.

"అంత పెద్ద నౌకరీ ఎందుకొద్దంటడు సేటు?"

"మా పెద్దవాళ్ళు ఒక కారణం చెబుతారు" అన్నాడు సేటు. "మూసాకు ఒక అన్న ఉన్నాడు, హారూన్. అన్నాళ్ళూ జనాన్ని చూసుకున్నది ఆయనే. నేను పోతే మా అన్న బాధపడతాడు, అందుకే వద్దన్నాడట."

ఆ పుస్తకంలో మళ్ళీ చిన్నవాడే. కానీ ఒక చిన్నవాడు అన్న కోసం ఆగడం అదే మొదటిసారి.

"అప్పుడు దేవుడు చెప్పాడు. మీ అన్న నీకు ఎదురొస్తున్నాడు, నిన్ను చూసి మనసులో సంతోషిస్తాడని."

"మనసులనా?"

"మనసులోనే అని ఉంది. పైకైతే ఎవరైనా నవ్వుతారు."

"నిజంగ సంతోషపడ్డడా సేటు? జెర గూడ కుళ్ళు లేదా ఆయనకు?"

సేటు కళ్ళజోడు తీసి చాలాసేపు తుడిచాడు. శనివారం అద్దాలు తుడవొచ్చో లేదో నాకు తెలియదు. "ప్రతి ఏడాదీ చదువుతాను, ప్రతి ఏడాదీ అనుమానమే," అన్నాడు. "మాకూ అన్నదమ్ములున్నారు కదా. ఒక్కటి మాత్రం పుస్తకంలో స్పష్టంగా ఉంది. హారూన్ ఎడారిలోకి నడిచిపోయాడు. ముందు కాళ్ళు వెళ్ళాయి. మనసు దారిలో ఎక్కడ కలిసిందో ఎవరికి తెలుసు?"

నేను లేచాను. ఎక్కడికని ఆయన అడగలేదు. శనివారం ఆయనకు కారుతో పని లేదు కాబట్టి అదే తీసుకుని సల్మాబాద్ బయల్దేరాను. దారంతా హారూన్‌ను తిట్టుకుంటూనే నడిపాను. ఆయనకేం, ఆయన కథలో మనిషి. ఆయన తమ్ముడికి లైసెన్సు ఇప్పించాల్సిన పని పడలేదు. క్యాంపు గేటు దగ్గర ఒకసారి కారు వెనక్కి తిప్పుదామా అని కూడా అనుకున్నాను.

తమ్ముడు గది ముందు తీగ మీద లుంగీ ఆరేస్తున్నాడు. నన్ను చూసి తడి చేతులతోనే ఉరికొచ్చాడు.

"ఏమైందన్నా? సేటుకు బాగనే ఉన్నదా?"

"బాగనే ఉన్నడు."

"ఇంటికాన్నుంచి ఫోనొచ్చిందా?"

"రాలే." ఎండలో ఇద్దరం నిలబడ్డాం. గదుల్లోంచి మనుషులు తొంగి చూస్తున్నారు. దారిలో అనుకున్న మాటలు ఒక్కటీ రాలేదు. "వీసా కొట్టించుకో. కౌంటర్ల కూసో."

వాడు నా మొహంలోకి పట్టి చూశాడు. వాడి దగ్గర ఏదీ దాగదు కదా. "నీకు కడుపుల ఇష్టం లేదన్నా. సేటు చెప్పిండని వచ్చినవ్. నీ కడుపుల మంట పోయినంకనే కూసుంట."

"నా కడుపుల మంట పోయేదాక ఆగితె నువ్వు ముసలోనివైతవ్ రా," అన్నాను. "అది ఉంటది. నువ్వు కూసో."

వాడు పగలబడి నవ్వాడు. నవ్వుతూనే నా చేయి పట్టుకున్నాడు. నాకు నవ్వు రాలేదు, చేయి మాత్రం విడిపించుకోలేదు.